వెండి కండ్ల డ్రైవరు

మనిషి మేలుకొని ఉన్నాడా, నిద్రపోతున్నాడా అనే ముఖ్యమైన విషయాన్ని ఇకమీదట ఆ మనిషికే వదిలేయడం కుదరదని మా ట్రాన్స్‌పోర్టు కంపెనీ పోయినేడు జూన్‌లో తీర్మానించింది. తీర్మానం కింద తొమ్మిది మంది సంతకాలు చేశారు. (పదో ఆయన మీటింగులో కునుకు తీస్తుండటం వల్ల ఆయన సంతకం మర్నాడు తీసుకున్నాం.)

కంపెనీ పేరు బయట చెప్పకూడదని సర్కులర్ ఉంది కాబట్టి చెప్పను. కరీంనగర్ బైపాస్ రోడ్డు మీద ఆఫీసు, డెబ్బై రెండు లారీలు. పెద్దపల్లి రైసు మిల్లుల నుంచి నాగపూర్‌కు బియ్యం తీసుకుపోతాం, వచ్చేటప్పుడు సంత్రా పండ్లు తెస్తాం. నేను అక్కడ సీనియర్ గుమస్తాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో నా మీద ఒక్క రిమార్కు లేదు. ఇప్పుడు చెప్పబోయే వ్యవహారంలో కూడా నా తప్పేమీ లేదని రికార్డు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. రికార్డు రాసింది నేనే.

అంతకుముందు మా లారీల్లో మెలకువను అనధికారికంగా నిర్వహించేవారు. మెట్‌పల్లిలో ఒక చాయ్, నిర్మల్‌లో ఇంకో చాయ్, మెడ చుట్టూ తడి తువ్వాల, నిద్ర మరీ ముంచుకొస్తే పచ్చి మిరపకాయ కొరకడం. పక్క సీట్లో క్లీనర్ ఉండేవాడు. మా సీనియర్ క్లీనర్ కైలాసానికి యాభై ఆరేళ్లు. ఆయన పని బండి తుడవడమని కాగితాల్లో ఉండేది కానీ, అసలు పని రాత్రంతా మాట్లాడటం. ఊళ్లో ఎవరి పొలం గెట్టు ఎవరు జరిపారో మొదలుపెడితే మహారాష్ట్ర వచ్చేదాకా అయ్యేది కాదు. ఈ పద్ధతుల్లో వేటికీ రుజువు కాగితం లేదు కాబట్టి ఇవి శాస్త్రీయం కాదని కంపెనీ తేల్చింది. క్లీనర్ పోస్టులు రద్దు చేసి, ఆ జాగాలో కెమెరాలు పెట్టింది. కైలాసాన్ని ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్‌గా వేశారు. ఇప్పుడాయన రాత్రంతా ఒక్కడే కూర్చుంటాడు. మాట్లాడటానికి మనిషి లేడు కాబట్టి తొందరగా నిద్రపోతాడు.

డ్రైవర్ల మెలకువను చూసుకోవడానికి ఆఫీసు మొదటి అంతస్తులో మెలకువ విభాగం తెరిచారు. సూపరింటెండెంట్‌గా శ్యాంసుందర్ గారిని వేశారు. ఆయన అంతకుముందు పదహారేళ్లు టైర్ల స్టోరు చూశారు, అందులో ఒక్క టైరు కూడా నిద్రపోయినట్టు ఫిర్యాదు రాలేదు. విభాగం పనివేళలు పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం అయిదు. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా తలుపు దగ్గరికి వేసి ఉంటుంది. లోపల ఏం జరుగుతుందో చెప్పడం నా పరిధిలోకి రాదు.

మిషన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని అర్థం చేసుకున్నవాళ్లు విభాగంలో ఎవరూ లేరు. స్టీరింగ్ ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద అరచేతిలో పట్టేంత కెమెరా ఉంటుంది. అది డ్రైవర్ కండ్లను చూస్తూ, అవి ఎంతసేపు తెరిచి ఉన్నాయో లెక్కగట్టి, నూటికి మార్కులు వేస్తుంది. కండ్లు మూతపడితే ఆడ గొంతుతో "నిద్ర మానండి" అంటుంది. అరవై మార్కులు దాటితే డ్రైవర్ మంచివాడు. అరవై లోపు వస్తే క్లాసు. నలభై లోపు వస్తే ఐడీ బంద్, అంటే ఇంక లారీ ఎక్కేది లేదు.

నిబంధనలు మొత్తం ముప్పై ఎనిమిది. అందులో పదకొండోది శ్యాంసుందర్ గారు స్వయంగా రాశారు. క్యాబిన్‌లో కెమెరాకు రెండు ముఖాలు కనబడితే అందులో డ్రైవర్ ఎవరు? డ్రైవర్ నిద్రపోకూడదనేది నాలుగో నిబంధన. కాబట్టి కండ్లు తెరిచి ఉన్న ముఖం డ్రైవర్‌ది, మూసి ఉన్న ముఖం క్లీనర్‌ది. (క్లీనర్లు అప్పటికే లేరు. అయినా నిబంధన ముందుచూపుతో రాయాలి.) ఈ తర్కాన్ని మిషన్ కంపెనీ ఇంజనీరు రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. తర్వాత అలాగే సెట్ చేసి వెళ్లిపోయాడు.

ఇక హనుమండ్లు.

హనుమండ్లుది పెద్దపల్లి దగ్గరి ఊరు. ఇరవై నాలుగేళ్లుగా లారీ నడుపుతున్నాడు, ఒక కోడిని కూడా గుద్దలేదు. ఆయనలో ఉన్న ఒకే ఒక లోపం కండ్లు చిన్నవి. పుట్టుకతోనే అంత. నవ్వితే ఉన్నవి కూడా కనబడవు. ఈ విషయం ఆయనకు పెండ్లి చూపుల్లో అడ్డం రాలేదు, లైసెన్సుకు అడ్డం రాలేదు, మిషన్‌కు మాత్రం వచ్చింది. మొదటి ట్రిప్పులో జగిత్యాల నుంచి నిర్మల్ దాకా "నిద్ర మానండి" అని నలభై ఒక్కసార్లు చెప్పింది. ఆర్మూర్ దాకా ఆయన దానికి మర్యాదగా "నిద్రపోతలేనమ్మా" అని జవాబిచ్చాడు. ఆ తర్వాత ఊరుకున్నాడు.

మొదటి నెల నలభై ఆరు. రెండో నెల నలభై మూడు. క్లాసుకు పిలిచారు. రాత్రంతా బండి నడిపి తెల్లారి పండుకోవాల్సిన మనిషిని పదిన్నరకు కుర్చీలో కూర్చోబెట్టి, నిద్ర వల్ల కలిగే అనర్థాల గురించి అయిదింటి దాకా చెప్పారు. కండ్లు పెద్దవి చేసే అభ్యాసం కూడా ఒకటి నేర్పారు. రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి కనుబొమ్మలు పైకెత్తి నూరు లెక్కపెట్టాలి. హనుమండ్లు బుద్ధిగా నాలుగు రోజులు చేశాడు. కండ్లు పెరగలేదు గానీ, ప్రతిదానికీ ఆశ్చర్యపోతున్నట్టు ముఖం మాత్రం అలవాటైంది.

ఆ క్లాసులోనే ఆయన ఫోన్‌లో మా యాప్ వేశాం. అది వేసినప్పటి నుంచి బండి కదిలితే ఫోన్ మూగబోతుంది. ఎవరు చేసినా కలవదు. దీన్ని మేము గొప్ప సంస్కరణ అనుకున్నాం, హనుమండ్లు ముఖం మాత్రం మొదటిసారి నిజంగానే మారింది.

ఎందుకంటే ఆయన మెలకువ అంతా ఆ ఫోన్‌లోనే ఉంది. భార్య నర్మద బీడీలు చేస్తుంది. చాట ఒళ్లో పెట్టుకుని, ఫోన్ స్పీకర్‌లో వేసి పక్కన పెట్టుకుని, రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టేది. ఒక్కో కట్ట కాగానే "యాడున్నవు" అనేది. ఆయన "మల్యాల" అనేవాడు. ఇంకో కట్టకు "జగిత్యాల". కట్టలు అయిపోయినా ఆమె ఫోన్ పెట్టేది కాదు, ఆకు కత్తిరిస్తూ కూర్చునేది. నిర్మల్ దాటి ఘాటు రోడ్డు ఎక్కే సమయానికి, ఎంత అలవాటున్న డ్రైవర్‌కైనా కండ్లు బరువెక్కే చోట, తన అన్న ముచ్చట తీసేది. బావమరిది పేరెత్తితే హనుమండ్లుకు ఎక్కడ లేని కోపం. ఘాటు దిగేదాకా ఇద్దరూ పోట్లాడుకునేవారు. అటు తర్వాత ఇచ్చోడ దాబాలో బండి ఆపి, నులక మంచం మీద నాలుగు గంటలు పండుకునేవాడు, ఇక్కడ ఆమె కూడా పండుకునేది. పదమూడేళ్లు ఇట్లా గడిచింది. ఏ మిషన్ కంపెనీకీ ఈ సంగతి తెలియదు.

ఫోన్ బంద్ చేసినందుకు కుటుంబాలు పరేషాన్ కాకూడదని విభాగం కుటుంబ భరోసా పథకం పెట్టింది. కెమెరాకు కండ్లు తెరిచి కనబడినంత కాలం, గంటకోసారి ఇంటికి ఒక మెసేజ్ పోతుంది. "మీ డ్రైవర్ పూర్తి మెలకువతో ఉన్నారు. నిశ్చింతగా నిద్రించండి." వాక్యం నాదే. శ్యాంసుందర్ గారు ఒక్క అక్షరం మార్చలేదు.

నలభై మూడు మార్కుల సంగతి విన్న రోజు నర్మద భయపడింది. ఇంకో నాలుగు మార్కులు పోతే ఇంట్లో కూర్చోవాలి. నలభై ఎనిమిదేళ్ల వయసులో లారీ తప్ప ఇంకోటి తెలియని మనిషి ఏం చేస్తాడు? పైగా ఆమెకు ఇంకో గుబులు కూడా ఉంది. హనుమండ్లు లారీలో డ్యాష్‌బోర్డు మీద పోచమ్మ తల్లి ఫొటో ఉండేది. కెమెరా బిగించడానికి వచ్చినవాడు ఆ ఫొటో విప్పి చేతిలో పెట్టాడు. కిందపెట్టడానికి మనసు రాక హనుమండ్లు దాన్ని వెనకకు తీసుకుపోయి, పండుకునే బల్ల మీద, తన తలకు కొంచెం పైగా గోడకు బిగించాడు. అమ్మవారిని వెనకకు నెట్టినందుకే మార్కులు పడిపోతున్నాయని నర్మద నమ్మింది.

"తల్లికి కండ్లు మొక్కిన" అని చెప్పింది. కండ్ల జబ్బు వచ్చినవాళ్లు అమ్మవారికి వెండి కండ్లు మొక్కుకోవడం మా దగ్గర ఉన్నదే. నర్మద బాదం గింజంత వెండి కండ్లు చేయించి, నల్లగుడ్లు దిద్దించి, ఒక ఆదివారం తలస్నానం చేసి వచ్చి, లారీలోని ఫొటోకు మైనంతో గట్టిగా అంటించింది. ఆయన చిన్న కండ్లు చూడలేనిది తల్లి పెద్ద కండ్లతో చూడాలని ఆమె కోరిక. కోరిక అక్షరాలా తీరింది.

ఆ రాత్రి హనుమండ్లుకు నూటికి నూరు వచ్చాయి. మర్నాడు నూరు. ఆ వారమంతా నూరు. మిషన్ ఒక్కసారి కూడా నిద్ర మానమనలేదు. పెద్దపల్లి నుంచి నాగపూర్ దాకా, నాగపూర్ నుంచి పెద్దపల్లి దాకా, డ్రైవర్ కనీసం కండ్లు ఆర్పలేదు. దేశంలో ఏ డ్రైవర్‌కూ ఇన్ని మార్కులు రాలేదని మిషన్ కంపెనీ వాళ్లు ఫోన్ చేసి చెప్పారు. వాళ్ల గొంతులో కొంచెం అనుమానం ఉన్నట్టు నాకు అనిపించింది గానీ, అనుమానం రాయడానికి రిజిస్టర్‌లో గడి లేదు.

కెమెరా గంటకో ఫొటో కూడా పంపుతుంది. వాటిని తెరిచి చూడటం ఎవరి డ్యూటీలోనూ లేదు. మేము మార్కులే చూస్తాం.

సెప్టెంబర్‌లో సన్మానం పెట్టారు. హనుమండ్లు నాగపూర్ నుంచి రాత్రంతా నడిపి వచ్చి, బండి గేటు దగ్గర పెట్టి, నేరుగా స్టేజి ఎక్కాడు. శాలువా కప్పి, పూలదండ వేసి, 'నిద్రరహిత డ్రైవర్' అని రాసిన జ్ఞాపిక చేతిలో పెట్టారు. హుజూరాబాద్ నుంచి వచ్చిన వ్యక్తిత్వ వికాస నిపుణులు నాగయ్య గారు "నిద్ర ఒక దురలవాటు మాత్రమే" అనే అంశం మీద గంటన్నర మాట్లాడారు. హనుమండ్లు ఆ గంటన్నరా స్టేజి మీది కుర్చీలో నోరు తెరిచి, తల పక్కకు వాల్చి, గురక పెట్టి నిద్రపోయాడు. జ్ఞాపిక జారి కిందపడింది, లేవలేదు. కార్యక్రమ నివేదికలో "సన్మాన గ్రహీత కండ్లు మూసుకుని శ్రద్ధగా ఆలకించారు" అని రాశాను. ఆ గంటన్నరను శ్యాంసుందర్ గారు ఆ వారం విశ్రాంతి కింద జమ చేశారు.

నిద్ర రాదని రుజువైన మనిషికి విశ్రాంతి ఇవ్వడం దండగ. ఇది ఎవరో పెద్దవాళ్లు ఆలోచించి చేసింది కాదు, మిషనే చేసింది. తొంభై దాటిన డ్రైవర్లకు ఇచ్చోడ ఆగుడు దానంతటదే రద్దయింది. ఒక లోడు దించిన వెంటనే ఇంకో లోడు వచ్చేది. పది నిమిషాల కంటే ఎక్కువ బండి ఆగితే "కారణం లేని ఆగుడు" అని రాసుకుని, రెండోసారి ఐడీ ఆపేసేది. ఇచ్చోడ దాబా వాడు మంచం వేసి చూసేవాడట. హనుమండ్లు బండి హారన్ కొట్టుకుంటూ ముందు నుంచి పోయేది.

అక్టోబర్‌లో ఒకరోజు ఆయన మెలకువ విభాగానికి వచ్చాడు. కండ్లు చిన్నవే అయినా, వాటి కింద నల్లటి సంచులు మాత్రం పెద్దవయ్యాయి.

"సారూ, నాకు నిద్రొస్తుంది" అన్నాడు.

మెలకువ విభాగంలో ఈ మాట అప్పటిదాకా ఎవరూ అనలేదు. శ్యాంసుందర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎప్పటి నుంచి?"

"పుట్టినప్పటి సంది సారూ. అందరికొచ్చినట్టే."

"రికార్డు ప్రకారం ఆగస్టు పదిహేడు నుంచి నీకు నిద్ర రాలేదు."

"గా కండ్లు నాయి గావు సారూ. పోచమ్మ తల్లియి. మొన్న క్యాబిన్ ఊడ్సేటప్పుడు దుమ్ము పడొద్దని తల్లి మీద తువ్వాల కప్పిన. కప్పంగనే మిషన్ మొత్తుకున్నది. తువ్వాల తీసిన, సప్పుడు లేదు. మళ్ల కప్పిన, మళ్ల మొత్తుకున్నది. గప్పుడు సమజైంది."

ఇంత నిజాయితీగా మాట్లాడేవాళ్లతో ఆఫీసు నడపడం కష్టం. శ్యాంసుందర్ గారు నా వైపు తిరిగి పదకొండో నిబంధన చదవమన్నారు. చదివాను. తెరిచిన కండ్లు ఎవరివైతే వారే డ్రైవర్.

"మరి నేనెవర్ని సారూ?"

"క్లీనర్‌వి."

"క్లీనర్ పోస్టులు తీసేస్తిరి గద."

"అదే చెప్తున్న. రూలు ప్రకారం నువ్వు క్యాబిన్‌ల ఉండనే ఉండొద్దు. పాతోనివని ఉండనిస్తున్నం."

హనుమండ్లు ఆ దయకు చేతులు జోడించాడు. అది వెటకారం కాదు, ఆయనకు వెటకారం రాదు. ఫొటో తీసేస్తే ఏమవుతుందని అడిగాడు. నలభై లోపుకు పడిపోతావని, ఐడీ బంద్ అవుతుందని శ్యాంసుందర్ గారు చెప్పారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"మధ్యల ఏదన్న సూడుండ్రి సారూ. ఇచ్చోడ కాడ నాలుగు గంటలు పండుకోనిస్తే సాలు. ఇంకేం అడుగ. లేకుంటే ఫోనన్న తెర్వుండ్రి. ఘాటు మీద మా ఆమె జర లొల్లి పెట్టుకుంటది, గా లొల్లితోని నడిపిస్త."

"ఇంటికి మెసేజ్ పోతుంది గదా."

"ఆమెకు పోతుంది సారూ. నాకేం వస్తలేదు."

శ్యాంసుందర్ గారు మనసు లేని మనిషి కాదు. ఫారం తొమ్మిది ఇప్పించారు, 'నిద్ర వచ్చుట గురించి దరఖాస్తు'. దాన్ని అప్పుడే అచ్చు వేయించినట్టు ఇంకా వెచ్చగా ఉంది. డ్రైవర్‌కు నిద్ర వస్తున్నట్టు మిషన్ ఇచ్చిన ఆధారం జతచేయాలని అందులో ఉంది. అటువంటి ఆధారం ఉన్న డ్రైవర్‌ను నాలుగో నిబంధన కింద తీసేస్తారని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఆధారం లేకపోతే నిద్ర లేదు, ఆధారం ఉంటే ఉద్యోగం లేదు. ఈ రెండింటి మధ్య నాలుగు గంటలు ఎక్కడ పెట్టాలో ఫారంలో గడి దొరకలేదు.

హనుమండ్లు ఆ ఫారం ఇంటికి తీసుకుపోయి, రెండు రోజుల తర్వాత నింపి తెచ్చాడు. ఆధారం కింద సన్మానం ఫొటో జతచేశాడు. మెడలో పూలదండ, నోరు తెరిచి, తల వాల్చి నిద్రపోతున్న హనుమండ్లు. పక్కన మైకు ముందు నాగయ్య గారు. అంతకంటే మంచి ఆధారం నా సర్వీసులో నేను చూడలేదు. కానీ అది మిషన్ తీసిన ఫొటో కాదు. "తగిన ఆధారం జతచేయలేదు" అని నీలం సిరాతో రాసి వెనక్కి ఇచ్చాను. ఆయన ఆ కాగితం మడిచి అంగీ జేబులో పెట్టుకుని, మెట్ల మీద కాసేపు కూర్చున్నాడు. కూర్చున్నచోటే నిద్రపోయాడు. ఆయన బండికి లోడు అయిందని ఫోన్ వస్తే, కైలాసం వచ్చి భుజం తట్టి లేపాడు. ఆ సాయంత్రం ఇద్దరూ గేటు దగ్గర చాయ్ తాగారు. కైలాసం "నేనొస్త పా, ముచ్చట పెట్టుకుంట పోదాం" అన్నాడు. గేటు వదిలిపోతే ఆయన మీద రిమార్కు రాయాల్సి వస్తుందని నేను చెప్పాను. ఆయన పోలేదు.

నవంబర్ రెండో వారంలో, వరుసగా మూడో ట్రిప్పులో, తెల్లవారుజామున మూడు గంటల యాభై రెండు నిమిషాలకు, ఇచ్చోడ దాటిన తర్వాత లారీ రోడ్డు దిగింది. పత్తి చేనులో నూరు గజాలు పోయి పక్కకు ఒరిగింది. ఎవరికీ తగల్లేదు, చేనులో మనుషులు లేరు. హనుమండ్లు కుడికాలు రెండు చోట్ల విరిగింది. క్యాబిన్‌లో ఇరుక్కుని రెండు గంటలు ఉన్నాడు. తెల్లారి పత్తి ఏరడానికి వచ్చిన ఆడవాళ్లు చూసి అరిస్తే నలుగురు వచ్చి తీశారు.

నాలుగింటికి, మళ్లీ అయిదింటికి నర్మద ఫోన్‌కు మెసేజ్ పోయింది. ఆయన పూర్తి మెలకువతో ఉన్నారని, ఆమెను నిశ్చింతగా నిద్రించమని. ఆమె నిద్రించింది.

విచారణ నివేదిక మూడు రోజుల్లో తయారైంది. ఇంత తొందరగా మా దగ్గర ఏదీ తయారు కాదు. ప్రమాద సమయంలో మార్కులు నూటికి నూరు. కాబట్టి డ్రైవర్ నిద్రపోలేదు. నిద్రపోకుండా, పూర్తి మెలకువతో, కండ్లు తెరుచుకుని, కావాలనే లారీని చేనులోకి దింపాడు. పోలీసులకు కూడా అదే పంపాం.

మర్నాడు పొద్దున నర్మద ఆఫీసుకు వచ్చింది. చేతిలో ఆదిలాబాద్ దవాఖాన చీటీ, దాని కింద మడతలు పడిన ఫారం తొమ్మిది. దాని మీది నీలం సిరా నాకు దూరం నుంచే కనబడింది.

"కావాలని జేసిండని రాస్తిరట. టేషన్ల కేసు పెడుతరట" అంది శ్యాంసుందర్ గారితో. గొంతు పెంచలేదు. "ఆయన కావాలని ఎందుకు జేస్తడు సారూ? నిద్రొచ్చింది. నిద్రొస్తుందని మీకాడికే వచ్చి జెప్పిండు గద. గదొక్కటి రాయుండ్రి. నిద్రపోయిండని రాయుండ్రి, సాలు."

"మిషన్ అట్ల చెప్తలేదమ్మా."

"మిషన్ ఏం సూసిందో నాకు సూపియ్యుండ్రి."

ఫొటోలు చూపించకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. చూడాలనే ఎవరికీ అనిపించలేదు అంతే. శ్యాంసుందర్ గారు నాకు సైగ చేశారు. కంప్యూటర్ తిప్పి, మూడు యాభై రెండుకు మిషన్ పంపిన ఫొటో తెరిచాను. మామూలుగా గంటకొకటే వస్తుంది, బండికి గట్టి కుదుపు తగిలినప్పుడు ఇంకోటి వస్తుందని అప్పుడే తెలిసింది.

హనుమండ్లు తల స్టీరింగ్ మీద ఉంది. నుదురు ఆనించి, చెయ్యి కింద వేలాడుతూ, ఇచ్చోడ మంచం మీద పండుకున్నంత హాయిగా నిద్రపోతున్నాడు. ఆయన తల వెనక, పైన, చీకట్లో పోచమ్మ తల్లి ముఖం. రెండు వెండి కండ్లు మెరుస్తూ రోడ్డునే చూస్తున్నాయి. మిషన్ ఆ ముఖం చుట్టూ ఆకుపచ్చ గీతతో గడి గీసి, కింద 'డ్రైవర్ – 100' అని రాసింది.

నర్మద పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కండ్లు అంటించింది ఆమె. మైనం గట్టిది, బండి ఒరిగినా ఊడలేదు.

శ్యాంసుందర్ గారు ఆ ఫొటోను చాలాసేపు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"కండ్లు తెరిచే ఉన్నయి గదమ్మా" అన్నారు.

ఆమె ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగింది. "మీరు జెప్పుండ్రి సారూ. రాసేది మీరే గద. మీకేం కనబడుతుంది?"

నాకు కనబడింది. గుడ్డివాడికి తప్ప ఎవరికైనా కనబడుతుంది. ఆ క్షణంలో నాకు చాలా సిగ్గేసింది, ఆ మాట ఇక్కడ దాచను. కానీ నా పని నాకు కనబడింది రాయడం కాదు, మిషన్‌కు కనబడింది రాయడం. ఇరవై రెండేళ్లలో ఒక్క రిమార్కు లేదు. రిజిస్టర్ తెరిచి 'కండ్లు' అన్న గడిలో 'తెరిచి ఉన్నవి' అని రాశాను. 'వి' సరిగ్గా పడలేదు, దాన్ని మళ్లీ దిద్దాను.

అప్పుడే నర్మద చేతిలో ఫోన్ మోగింది. ఆమె చూసి, దాన్ని నా రిజిస్టర్ మీద పెట్టింది. లారీ ఇంకా ఇచ్చోడ పోలీసు స్టేషన్ ఆవరణలో ఒక పక్క ఉంది. క్యాబిన్ నలిగింది గానీ బ్యాటరీ పోలేదు, పోచమ్మ తల్లి ఫొటోను ఎవరూ విప్పలేదు.

"మీ డ్రైవర్ పూర్తి మెలకువతో ఉన్నారు. నిశ్చింతగా నిద్రించండి."

గోడ గడియారం చూశాను. సరిగ్గా పదకొండు. మెసేజ్ ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదని రిజిస్టర్‌లో రాసుకున్నాను.